‘పళ్ళు కడిగించబాక, ఊడిపోతయ్’: చిగుళ్ళ జబ్బుకు వినకూడని సలహాలు

చిగుళ్ళ జబ్బు విషయంలో మన పొదిలి ఊళ్ళో సలహాలకు కరువు లేదు. పొద్దున ఉమ్మితే ఎర్రగా కనపడిందని ఇంట్లో ఒక మాట అంటే చాలు, సాయంత్రానికి పది మందులు తెలుస్తాయి. ఒకరు ఉప్పు అంటారు, ఒకరు లవంగ నూనె అంటారు, పక్కింటి పెద్దమ్మ నశ్యం పెట్టి రుద్దమంటుంది. అందరూ మన మంచి కోరేవాళ్ళే. కానీ ఆ సలహాల్లో సగానికి పైగా పన్ను మీదికి తెచ్చేవే. ఏవి వినకూడదో, ఎందుకు వినకూడదో ఇక్కడ రాస్తున్నాను. ఊరికే వద్దంటే ఎవరూ మానరు కాబట్టి కారణాలు కాస్త పొడుగ్గానే చెబుతాను.

“రక్తం వస్తోందిగా, నాలుగు రోజులు బ్రష్ ఆపెయ్.”

అందరికన్నా ముందు వచ్చే సలహా ఇది. చేతికి దెబ్బ తగిలి రక్తం వస్తే ఆ చోటు కదపకుండా ఉంచుతాం కదా, అదే లెక్క చిగుళ్ళకూ వేస్తారు. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. రోజూ తోముకునేటప్పుడు రక్తం కనపడుతుంటే అది సాధారణంగా గాయం కాదు, వాపు. పన్నూ చిగురూ కలిసే అంచున మెత్తటి పాచి పేరుకుంటుంది, గోటితో గీరితే తెల్లగా వస్తుంది. అదంతా సూక్ష్మజీవుల పొర. దానితో ఒళ్ళు పోరాడుతున్నందువల్లే చిగురు ఉబ్బి, ఎర్రబడి, బ్రష్ తగలగానే కారుతుంది. బ్రష్ ఆపితే పాచి పెరుగుతుంది, దానితో వాపూ రక్తమూ పెరుగుతాయి.

ఇది మనుషుల మీద చూసి తేల్చిన సంగతి. 1965లో హారాల్డ్ లోయె అనే నార్వే దంత శాస్త్రవేత్త, ఆయన సహచరులు చిగుళ్ళు బాగున్న 12 మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపల అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెడితే వారం పది రోజుల్లో వాపు తీసేసింది. కాబట్టి రక్తం వచ్చే చోట మెత్తటి బ్రష్‌తో, బలం పెట్టకుండా, కుచ్చు కొసలు చిగురు అంచుకు తగిలేట్టు కాస్త వాలుగా పట్టి, రోజూ రెండు పూటలా, పూటకు రెండు నిమిషాలు తోమండి. పది రోజులకూ రక్తం ఆగలేదంటే అక్కడున్నది పాచి ఒక్కటే కాదు, గార. పాచి రెండు మూడు రోజుల నుంచే లాలాజలంలోని సున్నంతో గట్టిపడడం మొదలవుతుంది. గట్టిపడి గార అయ్యాక ఏ బ్రష్‌కూ రాదు, ఏ పళ్ళపొడికీ కరగదు.

“నొప్పి లేదుగా, నొప్పొచ్చినప్పుడు చూద్దాంలే.”

నన్నడిగితే అన్నిటిలోకీ ఎక్కువ పళ్ళు పోగొట్టే మాట ఇదే. పిప్పి పన్ను రాత్రంతా ఏడిపిస్తుంది కాబట్టి తెల్లారేసరికి ఒంగోలు బస్సు ఎక్కుతాం. చిగుళ్ళ జబ్బు అలా కాదు, ఏళ్ళ తరబడి నొప్పి లేకుండా నడుస్తుంది. వాపు చిగురు దగ్గరే ఆగినంత కాలం అంతా వెనక్కి వస్తుంది. ఆగకుండా లోపలికి దిగితే చిగురు పన్నును వదిలేస్తుంది, మధ్యలో సందు పడుతుంది. డాక్టర్లు దాన్ని పాకెట్ అంటారు. బాగున్న నోట్లో ఆ సందు మూడు మిల్లీమీటర్లకు మించదు. నాలుగు దాటితే జబ్బు మొదలైనట్టు, ఆరూ ఏడూ అయితే బాగా ముదిరినట్టు. బ్రష్ అంత లోతుకు వెళ్ళదు. ఆ చీకట్లో గార పేరుకుంటుంది, చీము పడుతుంది, పన్నును పట్టుకున్న ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది. మొదట్లో మట్టి కొట్టుకుపోయిన మిరప మొక్క ఎలా పక్కకు ఒరుగుతుందో, ఎముక కరిగిన పన్నూ అలాగే కదులుతుంది, ముందుకు తోసుకొస్తుంది, పళ్ళ మధ్య కొత్తగా సందులు పడతాయి. మన పెద్దవాళ్ళు పయోరియా అన్నది దీన్నే. డాక్టర్లు ఇప్పుడు పెరియోడాంటైటిస్ అంటున్నారు.

కరిగిన ఎముక చాలా వరకు తిరిగి రాదు. కొన్ని రకాల గుంటల్లో ఆపరేషన్ చేసి కొంత పూడ్చగలరు, అంతే. వైద్యం ముఖ్యంగా చేసేది మిగిలిన ఎముకను నిలబెట్టడం. అందుకే ఇక్కడ కాలయాపనకు అంత ఖరీదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ముదిరిన చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళు లోకంలో వంద కోట్లకు పైనే, అంటే పెద్దవాళ్ళలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు. వీళ్ళలో చాలామంది నొప్పి కోసమే ఎదురుచూస్తుంటారు.

“పళ్ళు కడిగించబాకయ్యా, కదిలి ఊడిపోతయ్.”

స్కేలింగ్, అంటే గార తీసి పళ్ళు కడగడం, అనే మాట ఎత్తగానే పశ్చిమ ప్రకాశంలో ఎవరిని కదిపినా ఇదే జవాబు. ఈ భయాన్ని నేను తీసిపారేయను. చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, తమ నోట్లో జరిగినదే చెబుతున్నారు. కడిగించుకున్నాక పళ్ళు కదిలినట్టు అనిపించింది, సందులు కనపడ్డాయి, చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంది. ఇవన్నీ నిజమే. వాటికి కారణం వేరు.

పదేళ్ళు పేరుకున్న గార, ముఖ్యంగా కింది ముందు పళ్ళ లోపలి వైపు, పన్నుకూ పన్నుకూ మధ్య గోడలా కట్టుకుపోతుంది. నాలుకకు నున్నగా, ఒకే పలకలా తగులుతుంది. లోపల ఎముక ఎప్పుడో కరిగిపోయినా ఆ గార పక్క పళ్ళను కట్టేసి ఉంచుతుంది. గార తీసేసిన రోజున పన్ను అసలు స్థితి బయటపడుతుంది. కదలిక స్కేలింగ్ తెచ్చింది కాదు, అంతకు ముందే ఉన్నది అప్పుడు తెలిసింది. సందులూ అంతే. గార పోయాక వాచిన చిగురు తగ్గి, గట్టిపడి, కిందికి దిగుతుంది, దాని వెనక దాగిన ఖాళీ కనపడుతుంది. జివ్వుమనడానికి కారణం అన్నాళ్ళూ గార కప్పిన వేరు బయటికి రావడం. అది చాలామందిలో కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, దానికి పేస్టులు కూడా ఉన్నాయి. వాపు తీసేశాక కొద్దిగా కదిలే పళ్ళు చాలాసార్లు మునుపటికంటే గట్టిపడతాయి కూడా.

భయపడి మానేసినవాళ్ళకు ఏం జరుగుతుంది? గార అలాగే ఉంటుంది, దాని కింద ఎముక తరుగుతూనే ఉంటుంది. ఐదారేళ్ళకు పలకతో సహా నాలుగు పళ్ళూ కలిసి కదులుతాయి. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళితే పీకడం తప్ప దారి ఉండదు. అది చూసి ఊరంతా, ‘ఆసుపత్రికి పోయాడు, పళ్ళు పోయినయ్’ అంటారు. ఈ సలహా తనకు తానే సాక్ష్యం పుట్టించుకుంటూ బతుకుతోంది.

స్కేలింగ్ చేస్తే పన్ను పైపొర అరిగిపోతుందని కూడా అంటారు. అదీ అపోహే. తెలిసిన చేతిలో ఆ యంత్రపు కొస సన్నటి అదురుతో గారను పగలగొడుతుంది, పైన నీళ్ళు పడుతూ ఉంటాయి. పన్నును సానబట్టదు.

“మా నీళ్ళే అంత. ఫ్లోరైడ్ నీళ్ళు తాగినోళ్ళకు పళ్ళెక్కడ నిలుస్తయ్?”

ఇది మన ప్రాంతానిదే అయిన సలహా, దీని వెనక నిజమైన బాధ ఉంది. పొదిలి 1970 ఫిబ్రవరి దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఆ నెల్లూరు జిల్లాలోనే 1937లో షార్ట్, ఆయన తోటి వైద్యులు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల జనం ఎముకలు బిగుసుకుపోవడం గమనించి రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలినాళ్ళ రాతల్లో అది ముఖ్యమైనది. పొదిలి, దర్శి, కనిగిరి పల్లెల్లో గోధుమరంగు చారల పళ్ళతో పెరిగిన తరాలు ఎన్నో. తాగే నీళ్ళలో లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడ్ ఉండాలనీ, వేరే నీళ్ళు దొరకనిచోట కూడా 1.5 దాటకూడదనీ మన దేశ ప్రమాణం. బోరు లోతుకు పోయేకొద్దీ ఆ హద్దు దాటిన ఊళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. మంచినీళ్ళ కోసం అడగడం, కొట్లాడడం న్యాయం.

అయితే పన్ను చారలూ చిగుళ్ళ జబ్బూ ఒకటి కాదు. చారలు పడేది పన్ను చిగురు కింద తయారవుతున్న చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్ళ వయసు లోపు. ఆ తర్వాత ఎన్ని ఫ్లోరైడ్ నీళ్ళు తాగినా తయారైన పన్నుకు కొత్త చార రాదు. నలభై ఏళ్ళ మనిషికి చిగుళ్ళలో చీము వచ్చి పళ్ళు కదులుతుంటే దానికి కారణం పాచీ, గారా, పొగాకూ, షుగరూ. నీళ్ళ మీద నెపం వేసి ఊరుకోవడమే ఇక్కడ నష్టం. ‘మా ఊరికి రాసిపెట్టిందింతే’ అనుకున్నవాడు డాక్టరు దగ్గరికి వెళ్ళడు. రంగు మరక స్కేలింగ్‌తో పోకపోవచ్చు, ఎందుకంటే అది పన్ను లోపలిది. గార మాత్రం పోతుంది. రెంటినీ కలిపి చూసుకుని, ‘కడిగించినా తెల్లబడలేదు, డబ్బు దండగ’ అనేవాళ్ళున్నారు. కడిగించింది తెలుపు కోసం కాదు, ఎముక కోసం.

దీనికే తోకగా ఇంకో సలహా వస్తుంది: “ఫ్లోరైడ్ ఊరోళ్ళు పేస్టు ముట్టకూడదు.” పెద్దవాళ్ళు తోముకుని ఉమ్మేసే పేస్టుతో పళ్ళకు చారలు రావు. మింగేసే వయసు పిల్లల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. బియ్యపు గింజంత పెట్టి, పక్కన నిలబడి ఉమ్మించాలి. మీ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని తెలిస్తే పిల్లలకు ఏ పేస్టు వాడాలో డాక్టరును అడగండి.

“పన్ను నొప్పికి పొగాకు ముక్క పెట్టుకో, లాగేస్తుంది.”

పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరు కేంద్రంగా నడుస్తోంది, పొదిలిలో దాని వేలం కేంద్రం ఉంది, చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళ పిల్లల ఫీజులు ఆ ఆకు నుంచే వచ్చాయి. పండించేవాళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నోట్లో పెట్టుకునే సంగతే నేను చెప్పేది. పొలాల్లో, కూలి పనుల్లో ఎంతోమందికి, ముఖ్యంగా ఆడవాళ్ళకు, పొగాకు అలవాటైంది పంటి నొప్పికి మందుగానే. పొగాకు కాస్త తిమ్మిరెక్కించిన మాట నిజం. నొప్పి పోతుంది, పన్నుతో పాటు అలవాటు మిగులుతుంది. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని 1992లోనే కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. అయినా ఇంట్లో వేయించి నూరుకున్న పొడికి నిషేధం ఏం చేస్తుంది?

ఇక్కడ ఒక సంగతి బాగా పట్టించుకోవాలి. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవాళ్ళకు చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా వస్తుంది. పొగాకు చిగుళ్ళలో రక్తనాళాలను, వాపు స్పందనను అణచేస్తుంది కాబట్టి పైకి చిగురు లేత రంగులో, గట్టిగా, ఏ జబ్బూ లేనట్టు కనపడుతుంది. కింద ఎముక మామూలు వాళ్ళకంటే వేగంగా పోతూ ఉంటుంది. పొగతాగేవాళ్ళకు ఈ జబ్బు వచ్చే అవకాశం తాగనివాళ్ళకంటే దాదాపు రెండు రెట్లు. కాబట్టి, “నీకు రక్తమే రావట్లేదు, నీ చిగుళ్ళు రాయిలా ఉన్నయ్” అనే పొగడ్త పొగతాగే మనిషికి చెల్లదు. అలాంటివాళ్ళు రక్తం కోసం చూడకుండా ఏడాదికోసారి పాకెట్లు కొలిపించుకోవాలి.

దీని వెంటే ఇంకొకటి. పొగ మానేసిన కొన్ని వారాలకు కొందరికి చిగుళ్ళ నుంచి రక్తం మొదలవుతుంది. “చూశావా, మానితే ఒంటికి పడలేదు, రోజుకొకటి తాగు” అని చెప్పేవాళ్ళు వెంటనే తయారవుతారు. వినకండి. చిగుళ్ళలోకి రక్తం మళ్ళీ సరిగా పారుతున్నందుకు, అణిగి ఉన్న వాపు ఇప్పుడు తెలుస్తున్నందుకు అది గుర్తు. మానడం ఆపకుండా స్కేలింగ్ చేయించుకోండి. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయొచ్చు, అది జాతీయ సహాయ కేంద్రం.

ఖైనీ, గుట్కా, వక్క దవడలో పెట్టుకునేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ చోట చిగురు దిగజారడం, తెల్లటి మచ్చ రావడం, కారం తగిలితే మండడం, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం చిగుళ్ళ జబ్బు ఖాతాలో వేయకూడదు. మన వైపు కారం తినని ఇల్లు లేదు కాబట్టి, ‘కారం ఎక్కువైంది’ అని సరిపెట్టుకుంటారు. మిరపకాయ చిగుళ్ళ జబ్బు తేదు. నిన్నటి దాకా ఓర్చుకున్న కారం ఇవాళ మండుతోందంటే, లేదా నోట్లో పుండు రెండు వారాలు దాటినా మానలేదంటే ఆ వారంలోనే చూపించుకోవాలి. అది క్యాన్సర్‌కు ముందు గుర్తు కావచ్చు.

ఇంటి వైద్యాల సంగతి. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే వాపు కాస్త ఉపశమిస్తుంది, చేయండి. వేప పుల్ల చేదు మంచిదే, కానీ నమిలి కుచ్చు చేసిన పుల్ల పన్ను ముందు వైపే తోముతుంది. పళ్ళ సందులోకి, లోపలి వైపుకు పోదు. గట్టిగా అడ్డంగా రుద్దితే చిగురు దిగిపోతుంది. కచ్చిక బూడిద, బొగ్గు, ఇటుక పొడి పన్నును అరగదీస్తాయి. లవంగ నూనె పిప్పి పన్ను నొప్పిని కాసేపు మరిపిస్తుంది, చిగుళ్ళ పాకెట్‌ను ఏమీ చేయదు, నేరుగా చిగురు మీద ఎక్కువ పోస్తే బొబ్బ ఎక్కుతుంది. నిమ్మచెక్క పెట్టి రుద్దడం అన్నిటికంటే చెడ్డది, పులుపు పన్ను పైపొరను తినేస్తుంది. రక్తం రాగానే విటమిన్ సి బిళ్ళలు కొనుక్కోవడమూ అంతే దండగ. ఉసిరికాయా జామకాయా తినే మనిషికి ఆ లోపం రావడం అరుదు. వాకుడు గింజల పొగ పట్టించి పంటి పురుగులు రాలుస్తామనేవాళ్ళ దగ్గర కూర్చోవద్దు. పన్నులో పురుగు ఉండదు.

నూనె పుక్కిలించడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది తెలుగు ఇళ్ళలో అంతగా నాటుకుంది. ఆయుర్వేదంలో గండూషం, కవళం అనే పద్ధతులు పాతవే. 1990లలో బెంగళూరులో ఉన్న తుమ్మల కోటేశ్వరరావు గారి ప్రచారంతో అది ఆయిల్ పుల్లింగ్ పేరున మన ఊళ్ళన్నిటికీ పాకింది. నువ్వుల నూనె పావుగంట పుక్కిలించి ఉమ్మితే నోరు శుభ్రంగా అనిపిస్తుంది, పైన ఉన్న పాచి కొంత తగ్గవచ్చు. చేసేవాళ్ళు చేసుకోవచ్చు. తప్పెక్కడంటే, ముదిరిన జబ్బుకు దాన్ని వైద్యంగా నమ్మి ఏడాది గడపడంలో. ఆరు మిల్లీమీటర్ల లోతున రాయిలా పట్టిన గారను నూనె ఊడదీయదు. బ్రష్‌కు బదులు కూడా కాదు.

“మెడికల్ షాపులో అడుగు, నాలుగు బిళ్ళలిస్తాడు.”

ఇస్తాడు. చీము తగ్గుతుంది, వాపు తగ్గుతుంది, పదిరోజులు హాయిగా ఉంటుంది. ఆ హాయే ప్రమాదం. గార మీద సూక్ష్మజీవులు జిగురు పొర కట్టుకుని ఉంటాయి, యాంటీబయాటిక్ ఆ పొరలోకి సరిగా దిగదు. గార అలాగే ఉంది కాబట్టి రెండు నెలలకు మళ్ళీ చీము. ఇలా బిళ్ళల మీద బిళ్ళలు మింగితే మందుకు లొంగని క్రిములు మిగులుతాయి. గారనంతా డాక్టరు తీసి, దానికి తోడుగా రాస్తే అది వేరు. పుక్కిలించే క్లోర్‌హెక్సిడిన్ మందు కూడా రెండు వారాల లెక్కన వాడేదే. నెలల తరబడి వాడితే పళ్ళు నల్లబడతాయి, రుచి చెడుతుంది.

“షుగరోళ్ళు పంటి జోలికి పోకూడదు, పుండు మానదు.”

తిరగేసి వినాలి దీన్ని. షుగర్ ఉన్నవాళ్ళే ముందు వెళ్ళాలి. షుగర్ అదుపు తప్పితే చిగుళ్ళ జబ్బు వేగం పెరుగుతుంది, చిగుళ్ళలో వాపు ఉంటే షుగర్ అదుపు కాదు. రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. 2018లో వచ్చిన కొత్త వర్గీకరణలో డాక్టర్లు ఈ జబ్బును ఎంత పాడైందన్న లెక్కన నాలుగు దశలుగా, ఎంత వేగంగా సాగుతుందన్న లెక్కన మూడు తరగతులుగా విభజించారు. మూడు నెలల షుగర్ పరీక్ష హెచ్‌బీఏ1సీ 7 లేదా అంతకు మించి ఉన్నా, రోజుకు పది సిగరెట్లు లేదా అంతకు మించి తాగినా వేగవంతమైన తరగతిలోనే వేస్తారు. మంచి కబురేమిటంటే, చిగుళ్ళకు సరైన వైద్యం చేయిస్తే మూడు నాలుగు నెలల్లో ఆ హెచ్‌బీఏ1సీ సగటున 0.4 దాకా తగ్గుతుందని పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్ళు తేల్చారు. అది ఒక బిళ్ళ అదనంగా వేసుకున్నంత పని. షుగర్ మరీ ఎక్కువగా ఉంటే ముందు దాన్ని కాస్త దించి చేస్తారు. వెళ్ళకుండా ఉండమని దాని అర్థం కాదు. పొద్దున టిఫిన్ తిని, మామూలు బిళ్ళలు వేసుకుని, షుగర్ ఉన్న సంగతి ముందే చెప్పండి.

బీపీకి వాడే ఆమ్లోడిపిన్ లాంటి బిళ్ళలు, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ కొందరిలో చిగురు పన్ను మీదికి పెరిగేలా చేస్తాయి. “ఆ బిళ్ళే పాడుచేసింది, ఆపెయ్” అనే మాట వినొద్దు. ఆపితే పక్షవాతమో మూర్ఛో రావొచ్చు. మందు రాసిన డాక్టరుకు చిగుళ్ళు చూపించండి, మార్చగలిగితే ఆయనే మారుస్తాడు. గుండెకు రక్తం పలచబడే బిళ్ళలు వాడేవాళ్ళూ అంతే, స్కేలింగ్ ఉందని సొంతంగా ఆపకూడదు. కడుపుతో ఉన్న ఆడపిల్లలకు చిగుళ్ళు వాచి రక్తం రావడం మామూలు. పంటి వైద్యం బిడ్డకు చెరుపని ఆపుతారు, అది తప్పు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కూర్చోవడానికి, పడుకోవడానికి అనువుగా ఉంటుంది, అప్పుడు నిశ్చింతగా చేయించవచ్చు.

“వయసు మీద పడ్డాక పళ్ళు ఊడక ఏమవుతయ్?”

శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది మగ కూలీలను 1970 నుంచి పదిహేనేళ్ళపాటు అదే హారాల్డ్ లోయె బృందం గమనించింది. వాళ్ళకు బ్రష్ లేదు, పంటి డాక్టరు లేడు, గార అందరికీ ఉంది. నూటికి ఎనిమిది మందికి జబ్బు పరుగెత్తింది, ఎనభై ఒక్క మందికి మధ్యస్థంగా సాగింది, పదకొండు మందికి వాపు దాటి ముందుకు పోలేదు. వయసే కారణమైతే అందరికీ ఒకేలా జరగాలి కదా! కొందరి ఒంటి తత్వం జబ్బును పరుగెత్తిస్తుంది. మీ అమ్మానాన్నలకు నలభైల్లోనే పళ్ళు ఊడి ఉంటే, ‘మా వంశంలో ఇంతే’ అని వదిలేయకుండా మీరు పాతికేళ్ళకే చూపించుకోవాలి. మీ పిల్లలనూ చూపించాలి.

“పై పన్ను పీకించబాక, చూపు పోద్ది” అన్నది ఇంకా చెప్పుకుంటున్నారు కాబట్టి చెబుతున్నాను. పంటి నరానిదీ కంటి చూపు నరానిదీ వేరే దారి. పన్ను పీకితే చూపు పోదు. నిలవని పన్నును చీముతో ఏళ్ళ తరబడి ఉంచుకోవడమే ప్రమాదం. అయితే ఎదురు సలహా కూడా అంతే చెడ్డది: “కదిలేవన్నీ ఒకేసారి పీకించి పళ్ళ సెట్టు పెట్టించుకో, పీడా పోద్ది.” కదిలే ప్రతి పన్నూ పోయేది కాదు. ఎక్స్‌రే తీసి, పాకెట్లు కొలిచి, స్కేలింగ్ తర్వాత రెండు మూడు నెలలు చూశాకే తేలుతుంది. సొంత పన్నుతో నమిలినట్టు సెట్టుతో నమలలేరు, దవడ ఎముక కూడా ఏడాదికేడాది తరుగుతుంది.

ఇక వైద్యం సంగతి. ముదిరిన జబ్బుకు పైపైన కడిగి పంపితే చాలదు. మత్తు సూది ఇచ్చి చిగురు కింద వేరు మీద గార కూడా తీయాలి. ఒక్క పూటలో అవదు, రెండు నుంచి నాలుగు సార్లు రమ్మంటారు. ఆ తర్వాత కూడా పాకెట్ లోతు తగ్గని చోట చిగురు తెరిచి శుభ్రం చేసే చిన్న ఆపరేషన్ ఉంటుంది. ఇదంతా చేసేది చిగుళ్ళ నిపుణులు. పొదిలిలో దొరక్కపోతే ఒంగోలు వెళ్ళొచ్చు. ఖర్చు భరించలేనివాళ్ళకు విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. దంత కళాశాలల్లో విద్యార్థులు చేస్తారని వెనకాడతారు గానీ, వాళ్ళ పక్కనే పాఠం చెప్పే డాక్టరు నిలబడి ఉంటాడు, తొందర లేకుండా చేస్తారు. నాకైతే అదే నచ్చుతుంది.

“ఒకసారి చేయిస్తే జీవితాంతం ఢోకా లేదు” అని ఎవరైనా అంటే నమ్మకండి. ముదిరిన జబ్బు షుగర్ లాంటిదే, ఉంటుంది, అదుపులో పెట్టుకోవాలి. మొదటి సంవత్సరం మూడు నాలుగు నెలలకోసారి వెళ్ళాలి. పళ్ళ సందులు పెద్దవైనవాళ్ళకు సందుల్లో తోమే చిన్న బ్రష్‌లు మందుల షాపుల్లో దొరుకుతాయి. రాత్రి పడుకునే ముందు ఒక్కో సందులో నాలుగుసార్లు ఆడించాలి. మిరప కోతల రోజుల్లో చీకటితో లేచి పోయేవాళ్ళకు పొద్దున తోమడం హడావుడి అవుతుంది. ఆ రోజుల్లో రాత్రి తోమడం అసలు వదలకూడదు.

దవడ వాచి మెడ దాకా దిగుతున్నా, జ్వరం వచ్చినా, మింగడం, నోరు తెరవడం కష్టమైనా ఆలస్యం చేయక ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఉన్నట్టుండి చిగుళ్ళన్నీ ఉబ్బి రక్తం ఆగకపోతే, మనిషి పాలిపోయి ఉంటే రక్త పరీక్ష చేయమని అడగండి, అది చిగుళ్ళ జబ్బు కాకపోవచ్చు.

డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు పాకెట్లు కొలవమని మీరే అడగండి. ఒక్కో పన్నుకు ఎన్ని మిల్లీమీటర్లో కాగితం మీద రాయించుకుని ఇంట్లో రేషన్ కార్డు, ఆధార్ పెట్టే చోట దాచండి. మూడు నెలల తర్వాత వెళ్ళినప్పుడు అది తీసుకెళ్ళి మళ్ళీ కొలిపించండి. ఆరు ఉన్న చోట నాలుగు వస్తే వైద్యం పనిచేస్తున్నట్టు. ఆరు ఆరుగానే ఉంటే, ఎందుకు తగ్గలేదో, తర్వాత ఏం చేయబోతున్నారో కుర్చీలోంచి లేవకముందే అడగండి.